విలియం లీ (ఆవిష్కర్త)

విలియం లీ (సుమారు 1563 - సుమారు 1614) ఇంగ్లాండు దేశానికి చెందిన మతాచార్యుడు, ఆవిష్కర్త. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని 1589లో మొట్టమొదట తయారు చేసిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. స్టాకింగ్ ఫ్రేమ్ అని పేరుపొందిన ఈ యంత్రం, అంతవరకు మనిషి వేళ్ళు మాత్రమే చేయగలిగిన అల్లిక పనిని చేసిన తొలి యంత్రం. ఆవిరి శక్తితో నడిచే మిల్లులకు దాదాపు రెండు శతాబ్దాల ముందే ఇది రూపొందింది. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న మేజోళ్ళు, బనియన్లు, స్వెట్టర్లు తయారుచేసే యంత్రాలలో అధికభాగం లీ కనిపెట్టిన సూత్రం నుండి వచ్చినవే.

చేతితో అల్లి పొట్టపోసుకొనే పేదల బ్రతుకుదెరువు పోతుందనే కారణంతో ఇంగ్లాండు రాణి మొదటి ఎలిజబెత్ ఈ యంత్రానికి పేటెంటు ఇవ్వడానికి అంగీకరించలేదని చెబుతారు. స్వదేశంలో ఆదరణ లభించక లీ ఫ్రాన్సుకు వెళ్ళి, అక్కడే పేదరికంలో మరణించాడు. ఇతని మరణానంతరం యంత్రం ఇంగ్లాండులో వేలాది కుటుంబాలకు జీవనాధారమయింది. రెండు వందల ఏళ్ళ తరువాత ఆ కుటుంబాలవారే అటువంటి యంత్రాలను సమ్మెటలతో పగులగొట్టిన లుడ్డైట్ల ఉద్యమంలో ముందు నిలిచారు.

జననం, విద్యాభ్యాసం

విలియం లీ సుమారు 1563లో ఇంగ్లాండు మధ్యభాగంలోని నాటింగ్‌హాంషైర్‌లో జన్మించాడు. ఇతని స్వగ్రామం కాల్వర్టన్ అని ఎక్కువమంది చరిత్రకారులు వ్రాసారు. దాని పొరుగున ఉన్న వుడ్‌బరో గ్రామం కూడా ఇతనిని తనవాడిగా చెప్పుకుంటుంది. ఈ గ్రామాలు షేర్‌వుడ్ అడవికి సమీపంలో ఉన్నాయి. ఆ ప్రాంతంలో గొర్రెల పెంపకం విరివిగా ఉండేది. అక్కడి గొర్రెల సన్నని, పొడవైన ఊలు మేజోళ్ళ అల్లికకు అనువైనదని పేరు.

లీ 1579లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని క్రైస్ట్ కళాశాలలో చేరాడు. తరువాత సెయింట్ జాన్స్ కళాశాల నుండి పట్టభద్రుడైనాడు. చదువు ముగిసిన తరువాత కాల్వర్టన్ గ్రామంలోని చర్చిలో సహాయక మతాచార్యుడిగా పనిచేసాడని చెబుతారు. యంత్రనిర్మాణంలో గానీ, కమ్మరి పనిలో గానీ ఇతడు శిక్షణ పొందినట్లు దాఖలాలు లేవు. అయినా వేలాది భాగాలున్న యంత్రానికి ఇటువంటి వ్యక్తి రూపకల్పన చేయడం ఆశ్చర్యకరమైన విషయం.

నాటి మేజోళ్ళ అల్లిక

16వ శతాబ్దంలో ఇంగ్లాండు మగవారు తొడల పైభాగం వరకు మాత్రమే ఉండే పొట్టి లాగులు, వాటి క్రింద కాళ్ళను పూర్తిగా కప్పే పొడవాటి మేజోళ్ళు ధరించేవారు. స్త్రీలు కూడా మోకాళ్ళ వరకు మేజోళ్ళు తొడిగేవారు. పూర్వం వీటిని నేసిన గుడ్డను కత్తిరించి కుట్టేవారు. అటువంటి మేజోళ్ళు సాగేవి కావు, కాలికి అతుక్కొనేవి కావు. అల్లిన మేజోళ్ళు వాడుకలోకి వచ్చిన తరువాత గుడ్డ మేజోళ్ళ వాడకం క్రమంగా తగ్గిపోయింది.

నేతకు, అల్లికకు మధ్య ఉన్న భేదం ఇక్కడ గమనించదగ్గది. నేతలో నిలువుగా పడుగు దారాలు, అడ్డంగా పేక దారం ఉంటాయి. ఇవి ఒకదానినొకటి దాటుతూ గుడ్డ ఏర్పడుతుంది. అల్లికలో పడుగు ఉండదు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా వంగి, ప్రతి ఉచ్చు క్రింది వరుసలోని ఉచ్చులో నుండి బయటికి వస్తుంది. ఈ ఉచ్చులు ఒత్తిడికి వెడల్పై, ఒత్తిడి పోగానే తిరిగి దగ్గరౌతాయి కాబట్టి అల్లిన వస్త్రం సాగుతుంది. మడమ దగ్గర వంగి, పిక్క దగ్గర వెడల్పై, చీలమండ దగ్గర సన్నబడే కాలికి ఈ గుణం ఎంతో అవసరం.

చేతితో మేజోళ్ళు అల్లేవారు రెండు వైపులా మొనలున్న నాలుగైదు సన్నని పుల్లలపై ఉచ్చులను పంచుకొని, గుండ్రంగా తిరుగుతూ గొట్టంలాగా అల్లుతారు. ఈ పనికి మగ్గం వంటి పెద్ద సాధనమేదీ అక్కరలేదు. నడుస్తూ, పశువులు కాస్తూ, కబుర్లు చెప్పుకుంటూ కూడా చేయవచ్చును. అందువలన పొలం పనులు లేని కాలంలో స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు ఇది ముఖ్యమైన ఆదాయ మార్గంగా ఉండేది. లింకన్, యార్క్ వంటి పట్టణాలలో పేద పిల్లలకు అల్లిక నేర్పే బడులను కూడా ఆనాడు నెలకొల్పారు. లీ తయారుచేసిన యంత్రం వీరందరి పనికి పోటీగా వచ్చింది.

యంత్రం పుట్టుక

లీ ఈ పనికి పూనుకోవడానికి గల కారణం గురించి అనేక కథలు ప్రచారంలో ఉన్నాయి. ఇతడు ఒక యువతిని ప్రేమించాడనీ, ఎప్పుడు చూడబోయినా ఆమె తలెత్తకుండా మేజోళ్ళు అల్లుకుంటూ ఉండేదనీ, ఆ కోపంతో అల్లికనే అంతం చేసే యంత్రం తయారు చేయాలని పంతం పట్టాడనీ ఒక కథ. పెళ్ళి చేసుకొన్నందుకు చర్చి ఉద్యోగం పోయిందనీ, భార్య రాత్రింబవళ్ళు మేజోళ్ళు అల్లి ఇల్లు గడపడం చూసి ఆమె శ్రమ తగ్గించాలని ఆలోచించాడనీ మరొక కథ. ఇవి రెండూ చాలాకాలం తరువాత వ్రాతలోకి ఎక్కినవి. వీటికి సమకాలీన ఆధారాలు లేవు. అయితే రెండు కథలలోనూ ఒక స్త్రీ చేతివేళ్ళ కదలికను లీ గంటల తరబడి గమనించడం సమానంగా కనిపిస్తుంది.

చేతితో అల్లేవారు ఒకసారికి ఒక ఉచ్చును మాత్రమే వేయగలరు. వరుసలో ఎన్ని ఉచ్చులుంటే అన్నిసార్లు పుల్లను కదపాలి. ప్రతి ఉచ్చుకూ ఒక ప్రత్యేకమైన సూదిని కేటాయిస్తే వరుస మొత్తాన్ని ఒకేసారి అల్లవచ్చునన్నది లీ ఆలోచన. ఈ ఆలోచనతో తయారైన మొదటి యంత్రం 1589లో పనిచేయడం ప్రారంభించింది. దానిలో అంగుళానికి 8 సూదులు ఉండేవి. దానిపై ముతక ఊలు మేజోళ్ళు మాత్రమే తయారయ్యేవి.

యంత్రం పనిచేసే విధానం

లీ యంత్రం కొయ్య చట్రంలో అమర్చిన ఇనుప పరికరం. పనివాడు చట్రానికి కట్టిన బల్లపై కూర్చొని రెండు చేతులతో, రెండు కాళ్ళతో దీనిని నడుపుతాడు. ఆవిరి గానీ, నీటి శక్తి గానీ అవసరం లేదు. దీనిలోని ముఖ్యమైన భాగాలు మూడు.

మొదటిది సూదుల వరుస. ప్రతి సూది కొన సన్నగా సాగి, గాలపు ముల్లులాగా వెనుకకు వంగి ఉంటుంది. ఈ వంపునకు స్ప్రింగు గుణం ఉంటుంది. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది.

రెండవది సూదుల మధ్య దిగే పలుచని లోహపు రేకులు. సూదుల మీదుగా దారాన్ని అడ్డంగా పరచిన తరువాత ఈ రేకులు క్రిందికి దిగి, ప్రతి రెండు సూదుల మధ్య దారాన్ని లోనికి నొక్కుతాయి. దీనితో దారం అలలు అలలుగా వంగి, అన్ని సూదులపైన కొత్త ఉచ్చులు ఏర్పడతాయి.

మూడవది నొక్కుడు కడ్డీ. కొత్త ఉచ్చులు సూదుల వంపులలోకి జరిగిన తరువాత ఈ కడ్డీ దిగి వంపులన్నిటినీ ఒకేసారి మూస్తుంది. అప్పుడు సూదులపై ఉన్న పాత ఉచ్చులు మూసుకున్న వంపుల మీదుగా జారి, కొత్త ఉచ్చులను తమలో ఇముడ్చుకొని క్రిందికి దిగుతాయి. ఇంతటితో ఒక వరుస పూర్తవుతుంది. తరువాత మళ్ళీ దారం పరచడంతో పని మొదలవుతుంది.

చేతి అల్లికలో గొట్టంలా వచ్చే మేజోడు, ఈ యంత్రంపై చదునైన పలకలాగా వస్తుంది. పిక్క దగ్గర వెడల్పు, చీలమండ దగ్గర సన్నదనం రావడానికి పనివాడు అంచున ఉన్న ఉచ్చులను చేతితో ప్రక్క సూదులపైకి మార్చి వరుసను పెంచుతాడు లేదా తగ్గిస్తాడు. పలక పూర్తయిన తరువాత దాని రెండు అంచులనూ కలిపి కుట్టాలి. పాతకాలపు మేజోళ్ళలో కాలి వెనుకవైపు నిలువుగా కనిపించే కుట్టు ఇదే. ఈ కుట్టుపనిని సాధారణంగా స్త్రీలు చేసేవారు.

నేర్పరి అయిన వ్యక్తి చేతితో నిమిషానికి సుమారు 100 ఉచ్చులు వేస్తే, లీ మొదటి యంత్రం సుమారు 600 ఉచ్చులు వేసేదని అంచనా.

రాణి నిరాకరణ

యంత్రం తయారైన తరువాత లీ దానిని లండను నగరానికి తీసుకువెళ్ళాడు. ఆ కాలంలో కొత్త వస్తువు కనిపెట్టినవారికి దానిని తయారు చేసుకొనే ప్రత్యేక హక్కును రాజు లేదా రాణి ప్రసాదించేవారు. ఇటువంటి హక్కు పత్రం లేనిదే పెట్టుబడి పెట్టేవారు ముందుకు వచ్చేవారు కాదు. రాణికి దగ్గరి బంధువు, ఆస్థానంలో పలుకుబడి కలవాడు అయిన హెన్రీ కేరీ (హన్స్‌డన్ ప్రభువు) లీకి అండగా నిలిచాడు. ఇతని ప్రయత్నంతో ఎలిజబెత్ రాణి స్వయంగా యంత్రాన్ని చూసిందని చెబుతారు.

యంత్రంపై ముతక ఊలు మేజోళ్ళు తయారుకావడం చూసి రాణి నిరుత్సాహపడింది. ఆమె అప్పటికి చాలాకాలంగా పట్టు మేజోళ్ళకు అలవాటుపడింది. హక్కు ఇవ్వడానికి ఆమె నిరాకరించింది. ఈ యంత్రం వలన చేతి అల్లికపై ఆధారపడిన పేద స్త్రీలు, పిల్లలు పని కోల్పోయి బిచ్చగాళ్ళు అవుతారని ఆమె భయపడినట్లు సంప్రదాయ కథనం. పట్టు మేజోళ్ళు అల్లే యంత్రమైతే కొద్దిమంది పనికి మాత్రమే అడ్డు వస్తుంది కాబట్టి ఆలోచించేదాన్నని ఆమె సూచించినట్లు కూడా ఆ కథనం చెబుతుంది. 1596లో హన్స్‌డన్ ప్రభువు మరణించడంతో ఆస్థానంలో లీకి ఉన్న అండ పోయింది.

రాణి నిర్ణయం గురించి చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 16వ శతాబ్దం చివరి దశకంలో ఇంగ్లాండులో పంటలు వరుసగా దెబ్బతిని కరవు, ధరల పెరుగుదల, నిరుద్యోగం ప్రబలాయి. పేదల పోషణ కొరకు 1598లో, 1601లో చట్టాలు చేయవలసి వచ్చింది. అటువంటి కాలంలో వేలమందికి ఉన్న చిన్నపాటి ఆదాయాన్ని పోగొట్టే యంత్రాన్ని ప్రోత్సహించడం పాలకులకు ప్రమాదకరంగా తోచడం సహజమని కొందరి అభిప్రాయం. యంత్రం చౌకగా మేజోళ్ళు తయారు చేస్తే కొనేవారు పెరిగి, పని కూడా పెరిగేదని మరికొందరి వాదన. తరువాతి చరిత్ర ఈ రెండు వాదాలకూ కొంత బలాన్ని ఇచ్చింది.

పట్టు మేజోళ్ళు, భాగస్వామ్యం

రాణి సూచనను లీ సవాలుగా తీసుకున్నాడు. పట్టుదారం ఊలు కంటే ఎంతో సన్ననిది. దానికి తగినట్లు సూదులు కూడా సన్నగా, దగ్గరదగ్గరగా ఉండాలి. ఎన్నో ప్రయత్నాల తరువాత 1598 ప్రాంతంలో అంగుళానికి 20 సూదులున్న యంత్రాన్ని తయారుచేసి, పట్టు మేజోళ్ళు అల్లి రాణికి సమర్పించాడు. అయినా హక్కు లభించలేదు.

1600లో లీ, జార్జి బ్రూక్ అనే ప్రముఖునితో భాగస్వామ్య ఒప్పందం కుదుర్చుకున్నాడు. బ్రూక్ పెట్టుబడి పెట్టడానికి, లాభాలను పంచుకోవడానికి అంగీకరించాడు. ఎలిజబెత్ 1603లో మరణించగా మొదటి జేమ్స్ సింహాసనం అధిష్ఠించాడు. కొత్త రాజుపై జరిగిన కుట్రలో పాల్గొన్నాడనే నేరంపై జార్జి బ్రూక్‌కు అదే సంవత్సరం మరణశిక్ష అమలయింది. దీనితో లీ పెట్టుబడిదారుని కోల్పోయాడు. కొత్త రాజు నుండి కూడా ఇతనికి ప్రత్యేక హక్కు రాలేదు.

ఫ్రాన్సు ప్రయాణం, మరణం

ఇంగ్లాండులో దారులు మూసుకుపోయిన దశలో ఫ్రాన్సు రాజు నాలుగవ హెన్రీ నుండి లీకి ఆహ్వానం అందింది. దేశంలో కొత్త పరిశ్రమలు, ముఖ్యంగా పట్టు పరిశ్రమ నెలకొల్పాలని ఆ రాజు ఎంతో శ్రద్ధ చూపేవాడు. లీ తన తమ్ముడు జేమ్స్‌తోను, కొంతమంది పనివారితోను, యంత్రాలతోను బయలుదేరి ఫ్రాన్సులోని రూయెన్ పట్టణంలో స్థిరపడ్డాడు.

1610 మే 14న నాలుగవ హెన్రీ పారిస్ వీధిలో హత్యకు గురయ్యాడు. లీకి మూడవసారి కూడా ఆదరించే చేయి పోయింది. అయినా ఇతడు 1612లో పియెర్ ద కో అనే వ్యక్తితో మేజోళ్ళ తయారీకి ఒప్పందం కుదుర్చుకున్నాడు. రాజాదరణ లేని పరదేశంలో ఆ వ్యాపారం సాగలేదు. లీ సుమారు 1614లో పారిస్ నగరంలో మరణించాడు. తన జీవితకాలంలో ఇతడు యంత్రం వలన సంపాదించినది ఏమీ లేదని చెప్పవచ్చును.

యంత్రం తిరిగి రాక

అన్న మరణించిన తరువాత జేమ్స్ లీ చాలావరకు పనివారిని, యంత్రాలను వెంటబెట్టుకొని ఇంగ్లాండుకు తిరిగివచ్చాడు. లీ దగ్గర పూర్వం పని నేర్చుకున్న ఆస్టన్ అనే పిండిమర యజమాని నాటింగ్‌హాంషైర్‌లో యంత్రానికి మెరుగులు దిద్దాడు. వీరిద్దరి కృషి వలన పరిశ్రమ లండనులోను, నాటింగ్‌హాం పరిసరాలలోను వేళ్ళూనుకుంది.

1657లో ఆలివర్ క్రాంవెల్ ప్రభుత్వం యంత్రంపై అల్లేవారి సంఘానికి అధికార పత్రం ఇచ్చింది. రాచరికం తిరిగి వచ్చిన తరువాత రెండవ చార్లెస్ కూడా ఈ సంఘాన్ని గుర్తించాడు. ఒకనాడు రాజ్యం కాదన్న యంత్రాన్ని ఇతర దేశాలకు తీసుకుపోకూడదని 1696లో ఇంగ్లాండు పార్లమెంటు చట్టం చేసింది. అయితే అప్పటికే ఆ రహస్యం దేశం దాటిపోయింది. 1656లో జాన్ ఇంద్రే అనే ఫ్రెంచివాడు పారిస్ సమీపంలో ఇటువంటి యంత్రాలతో పట్టు మేజోళ్ళ కార్ఖానా స్థాపించాడు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రచయిత డెనిస్ దిదెరో తాను సంపాదకత్వం వహించిన విజ్ఞాన సర్వస్వంలో ఈ యంత్రాన్ని చిత్రపటాలతో సహా వివరించాడు.

1758-59లో జెడెడయా స్ట్రట్ అనే వ్యాపారి లీ యంత్రానికి మరొక భాగాన్ని జతచేసి, నిలువు గీరలతో మరింతగా సాగే మేజోళ్ళు తయారుచేసే విధానానికి పేటెంటు పొందాడు. ఈ వ్యాపారంలో ఆర్జించిన ధనంతో స్ట్రట్, అతని భాగస్వామి శామ్యూల్ నీడ్ కలిసి రిచర్డ్ ఆర్క్‌రైట్‌కు పెట్టుబడి పెట్టారు. నీటిశక్తితో నూలు వడికే ఆర్క్‌రైట్ మిల్లు 1771లో క్రాంఫర్డ్‌లో ప్రారంభమయింది. ఈ విధంగా మేజోళ్ళ యంత్రం, పారిశ్రామిక విప్లవానికి మూలమైన నూలు మిల్లుకు పెట్టుబడిని సమకూర్చింది.

యంత్ర కార్మికుల కష్టాలు, లుడ్డైట్లు

కాలక్రమేణా ఈ పరిశ్రమ నాటింగ్‌హాం, లెస్టర్, డెర్బీ జిల్లాల గ్రామాలలో కేంద్రీకృతమయింది. 1844లో జరిపిన లెక్కింపు ప్రకారం బ్రిటనులో 48 వేలకు పైగా యంత్రాలు ఉన్నాయి. కార్మికులు తమ ఇళ్ళలోనే యంత్రాన్ని పెట్టుకొని పనిచేసేవారు. వెలుతురు కొరకు ఈ ఇళ్ళకు పొడవైన వరుస కిటికీలు ఉండేవి. తండ్రి యంత్రం నడిపితే, పిల్లలు దారం చుట్టేవారు, తల్లి కుట్టుపని చేసేది.

ఈ కార్మికులలో అధికసంఖ్యాకులకు సొంత యంత్రం ఉండేది కాదు. వ్యాపారి నుండి అద్దెకు తీసుకునేవారు. పని ఉన్నా లేకపోయినా వారం వారం అద్దె చెల్లించాలి. యంత్రాల అద్దె మంచి ఆదాయం కావడంతో, అవసరానికి మించి యంత్రాలను గ్రామాలలో పెట్టి, ఉన్న కొద్దిపాటి పనిని అందరికీ పంచడం వ్యాపారులకు లాభసాటి అయింది. దీనితోపాటు, వెడల్పైన యంత్రాలపై పెద్ద పలక అల్లి, దానిని కత్తిరించి మేజోళ్ళుగా కుట్టే చౌకబారు పద్ధతి వచ్చింది. కత్తిరించిన చోట ఉచ్చులు విడిపోయి అవి త్వరగా చినిగిపోయేవి. నాణ్యమైన సరుకు ధర కూడా వీటి వలన పడిపోయింది. నెపోలియనుతో యుద్ధాల వలన ఎగుమతులు తగ్గి, ఆహారధాన్యాల ధరలు పెరగడంతో కార్మికుల పరిస్థితి దుర్భరమయింది.

1811 మార్చి నెలలో నాటింగ్‌హాం సమీపంలోని ఆర్నాల్డ్ గ్రామంలో కార్మికులు వెడల్పు యంత్రాలను పగులగొట్టడంతో లుడ్డైట్ల ఉద్యమం ఆరంభమయింది. ఆర్నాల్డ్, లీ స్వగ్రామమైన కాల్వర్టన్‌కు కొద్ది మైళ్ళ దూరంలోనే ఉంది. వీరు యంత్రమనేదే వద్దన్నవారు కాదు. యంత్రమే వారి జీవనాధారం. తక్కువ కూలి ఇచ్చే యజమానుల యంత్రాలను, చౌకబారు సరుకు తయారుచేసే యంత్రాలను ఎంచి మరీ పగులగొట్టి, మిగిలినవాటిని వదిలివేయడం దీనికి నిదర్శనం. 1812లో యంత్రాలను ధ్వంసం చేయడాన్ని మరణశిక్షకు అర్హమైన నేరంగా పరిగణిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. కవి బైరన్ ప్రభువుల సభలో తన మొదటి ప్రసంగంలోనే ఈ చట్టాన్ని వ్యతిరేకించాడు. కార్మికులను పీడించిన యంత్రాల అద్దె పద్ధతి 1874లో చేసిన చట్టంతో రద్దయింది.

ఆధునిక యంత్రాలు

19వ శతాబ్దంలో లీ యంత్రానికి అనేక మార్పులు జరిగాయి. 1816లో మార్క్ బ్రూనెల్ గుండ్రంగా అల్లే యంత్రానికి పేటెంటు పొందాడు. శతాబ్ది మధ్యభాగంలో మాథ్యూ టౌన్సెండ్ చిన్న గొళ్ళెం వంటి మూత ఉన్న సూదిని రూపొందించాడు. ఈ మూత దానంతట అదే తెరుచుకొని మూసుకుంటుంది కాబట్టి నొక్కుడు కడ్డీ అవసరం తీరిపోయింది. 1864లో విలియం కాటన్ పేటెంటు పొందిన యంత్రం ఒకేసారి అనేక మేజోళ్ళను రూపం తీర్చుతూ అల్లగలిగేది. తరువాత పరిశ్రమ ఇళ్ళ నుండి కర్మాగారాలకు తరలిపోయింది. నేటి మేజోళ్ళ యంత్రాలు కంప్యూటరు సాయంతో గొట్టంలాగా, కుట్టు లేకుండా అల్లుతాయి. అయినా ఉచ్చుకు ఒక సూది అనే లీ సూత్రం మాత్రం మారలేదు.

చారల మేజోళ్ళు

అల్లికలో దారం ఒక వరుస పూర్తిచేసి తరువాతి వరుసకు వెళుతుంది. కాబట్టి వరుసల మధ్య దారం రంగు మార్చితే అడ్డచారలు సులభంగా వస్తాయి. యంత్రంపై ఒక వరుసకు ఒక రంగు, మరొక వరుసకు ఇంకొక రంగు దారం పరిచితే చాలును. ఇది ఎంతో పురాతనమైన అలంకారం. ఈజిప్టులోని ఆంటినోపొలిస్ శిథిలాలలో లభించిన, సుమారు 1700 ఏళ్ళ నాటి చిన్నపిల్లల ఊలు మేజోడు ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకే సూదితో, నేటి అల్లిక కంటే భిన్నమైన పద్ధతిలో చేసిన ఈ మేజోడుపై పలు రంగుల చారలు ఉన్నాయి. మూడు మొక్కల రంగులను కలుపుతూ ఆ వర్ణాలన్నిటినీ సాధించారని 2018లో ప్రకటించిన పరిశోధనలో తేలింది.

యంత్రం వచ్చిన తరువాత కూడా చేతి అల్లిక అంతరించలేదు. బ్రతుకుదెరువుగా తగ్గిపోయినా, ఇంటి అవసరంగాను, కాలక్షేపంగాను నిలిచింది. ఒక జత మేజోళ్ళకు సుమారు 100 గ్రాముల సన్నని దారం పడుతుంది. ప్రతి జతకు కొంత దారం మిగిలిపోతుంది. ఈ మిగులు ఉండలను పారవేయకుండా, రెండు మూడు వరుసలకు ఒక రంగు చొప్పున కలిపి చారల మేజోళ్ళు అల్లడం చాలా దేశాలలో ఉన్న పొదుపు పద్ధతి. మడమకు, వేళ్ళకు ఒక రంగు, పైభాగానికి మరొక రంగు వాడితే చినిగిన భాగాన్ని విప్పి తిరిగి అల్లడం కూడా తేలిక.

ఇటీవలి దశాబ్దాలలో, ఉండలు మార్చకుండానే చారలు వచ్చే దారం అమ్మకానికి వచ్చింది. పెద్దవారి మేజోడు చుట్టూ ఒక వరుస అల్లడానికి అరమీటరుకు కొంత ఎక్కువ దారం అవసరమౌతుంది. ఈ లెక్క ప్రకారం దారాన్ని కొన్ని మీటర్లకు ఒక రంగు చొప్పున ముందే అద్దితే, అల్లుతున్నకొద్దీ చారలు వాటంతట అవే ఏర్పడతాయి. అల్లే వస్తువు చుట్టుకొలత పెరిగితే చారలు సన్నబడతాయి, తగ్గితే వెడల్పవుతాయి.

తెలుగునాట

తెలుగు దేశంలో అనాదిగా వస్త్రమంటే నేత వస్త్రమే. తెలంగాణలో కురుమలు గొర్రె ఊలును వడికి గొంగళ్ళు నేసేవారే గాని, మేజోళ్ళు అల్లే సంప్రదాయం ఇక్కడి వేడి వాతావరణంలో పెరగలేదు. అల్లికకు సంబంధించి ప్రసిద్ధమైనది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాలలోని లేసు పని. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పనిని స్త్రీలు ఇళ్ళ వద్ద కొక్కెం వంటి ఒకే సూదితో చేస్తారు. దీనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. దారానికి ముందే రంగులద్ది, వాడేటప్పుడు నమూనా తేలేటట్లు చేసే నేర్పు మాత్రం తెలుగువారికి కొత్త కాదు. పోచంపల్లిలో దారాన్ని ముడులు కట్టి రంగులద్ది నేసే చీరలలో ఉన్నది ఈ నేర్పే. అయితే పోచంపల్లి లెక్కలు పడుగు, పేక రెండింటికీ కుదరాలి కాబట్టి మరింత క్లిష్టమైనవి.

నేడు హైదరాబాదుకు పడమట ఉన్న మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా వెళ్ళే దారిలో, చేవెళ్ళ ప్రాంతపు చేలలో వానాకాలం పంటగా పత్తి కనిపిస్తుంది. దూది నుండి గింజలు వేరుచేసి వడికిన నూలు మగ్గానికైనా వెళ్ళవచ్చు, బనియన్లు, మేజోళ్ళు అల్లే యంత్రానికైనా వెళ్ళవచ్చు. దేశంలో ఈ యంత్రాల పనికి తమిళనాడులోని తిరుప్పూరు, పంజాబులోని లూధియానా ప్రధాన కేంద్రాలు.

లీ జీవితంలో ఎదురైన ప్రశ్న తెలుగు చేనేత కార్మికులకు సుపరిచితమే. క్రాంఫర్డ్ తరువాత వచ్చిన మిల్లుల నూలు, గుడ్డ 19వ శతాబ్దంలో కోరమండల్ తీరపు నేత వ్యాపారాన్ని దెబ్బతీసాయి. స్వాతంత్ర్యానంతరం మరమగ్గాల పోటీ పెరిగింది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకు మాత్రమే కేటాయిస్తూ భారత ప్రభుత్వం 1985లో చట్టం చేసింది. మొదట 22 రకాలుగా ఉన్న ఈ జాబితా తరువాత 11 రకాలకు తగ్గింది. చేతిపనిని యంత్రం నుండి కాపాడాలా, కాపాడితే ఎంతవరకు అన్న విషయంలో ఎలిజబెత్ కాలం నాటి వాదాలే ఇక్కడ కూడా వినిపిస్తూ వచ్చాయి. నాటింగ్‌హాం అనుభవం దీనికి మరొక విషయాన్ని జోడిస్తుంది. యంత్రం ఎవరి సొంతం, దాని అద్దె ఎవరు చెల్లిస్తారు, సరుకు నాణ్యతను ఎవరు నిర్ణయిస్తారు అనే అంశాలు కూడా కార్మికుని కూలిని నిర్ణయిస్తాయని అది తెలియజేస్తుంది.

స్మృతి చిహ్నాలు

లండనులోని యంత్ర అల్లికదారుల సంఘం నేటికీ కొనసాగుతున్నది. ఆ సంఘపు రాజముద్రలో అల్లిక యంత్రానికి ఒక ప్రక్క మతాచార్యుడు, రెండవ ప్రక్క అల్లిక సూది పట్టుకున్న స్త్రీ కనిపిస్తారు. ఐరిష్ చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ ఎల్మోర్ 1847లో ప్రదర్శించిన చిత్రంలో, అల్లుకుంటున్న భార్య చేతులను తదేకంగా చూస్తున్న లీని చిత్రించాడు. నాటింగ్‌హాం సమీపంలోని రడింగ్టన్ గ్రామంలో పాత కార్మికుల ఇళ్ళను, పనిశాలను ప్రదర్శనశాలగా మార్చి, లీ యంత్రం నుండి పరిణమించిన యంత్రాలను పనిచేసే స్థితిలో భద్రపరిచారు. కాల్వర్టన్‌లో పొడవైన కిటికీలున్న నాటి ఇళ్ళు కొన్ని మిగిలి ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

చేనేత
పారిశ్రామిక విప్లవం
పోచంపల్లి చీర
నరసాపురం లేసు
గొంగడి
పత్తి